కవర్లతో మూసుకుపోయిన మా సందు కాలవ: భూమి గురించి దిగులుపడే వాళ్లు ఎట్టా మొదలుపెట్టాలి, ఎట్టా నిలబడాలి

2021 నవంబర్‌లో పెన్నకి వచ్చిన వరదని మా వైపు ఎవరూ మర్చిపోలేరు. సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన ఇల్లు, తెల్లారుజామున కాలు కింద పెడితే చల్లగా తగిలింది, లైట్ వేద్దామంటే కరెంటు లేదు, ఫోన్ వెలుతుర్లో చూస్తే మంచం కింద చెప్పులు తేలతా ఉన్నాయి.

నీళ్లు పోయాక బురద ఎత్తిపోశాం, గోడలు కడుక్కున్నాం, కానీ నాకు ఆ భయం మాత్రం పోలేదు. వాన చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు, రాత్రి పన్నెండింటికి ఫోన్ తీసి తుఫాన్లు, ఎండలు, కరిగిపోతున్న మంచు, ఇవే చదువుకుంటా కూర్చునేదాన్ని, మా పాప పెద్దయ్యేసరికి ఇక్కడ మనుషులు ఉండగలరా అనుకుంటా. మీలో ఎవరికైనా ఇట్టా ఉంటే ఈ రాత మీ కోసమే. నేను సైంటిస్టుని కాదు, ఇల్లు నడుపుకునే మనిషిని. ఇన్నేళ్లలో ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది చెడిందో వరసగా చెప్తాను, మీకు కుదిరింది పట్టుకోండి.

అసలు మొదలైంది ఎక్కడంటే, వరద తీశాక కూడా మా సందులో నీళ్లు ఇంకో రెండు రోజులు కదల్లేదు. ఎందుకా అని మా ఆయన, ఎదురింటి అన్న కలిసి గడ్డపారతో సైడు కాలవ బండ లేపారు. లోపల నీళ్లు కాదు, కవర్లు. పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, చికెన్ కొట్టు నల్ల కవర్లు, గుట్కా పొట్లాలు, అన్నీ బురదతో కలిసి గడ్డ కట్టి ఉన్నాయి, రెండు గోనె సంచులు నిండాయి. అందులో ఒక కవర్ ముడి వేసింది వేసినట్టే ఉంది. రెండు చెవులు పట్టుకోని రెండుసార్లు బిగించిన ముడి, నేను చెత్త కట్టేటప్పుడు ఎట్టా వేస్తానో అచ్చం అట్టానే. నాదే అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేకపోయాను.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటే. సోమశిల గేట్లు నా చేతిలో లేవు, బంగాళాఖాతం వేడెక్కడం నా చేతిలో లేదు, కానీ ఆ రెండు రోజుల నీళ్లు మా చేతిలో ఉన్నాయి. కింద చెప్పేవన్నీ దాంట్లోంచి వచ్చినవే.

మొదటి పని: ఒక కాగితం, మధ్యలో గీత

నోటు పుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. ఎడమ వైపు మీకు దిగులు పుట్టించేవన్నీ రాయండి, పెద్దవీ చిన్నవీ తేడా లేకుండా. కుడి వైపు, ఒక్కోదాని ఎదురుగా, మీ ఇంటి గడపకీ మీ సందు చివరికీ మధ్యలో దాని ముక్క ఏమన్నా ఉందా అని రాయండి. "వరదలు" ఎదురుగా నేను "సైడు కాలవ" అని రాశాను. "ఎండలు" ఎదురుగా "డాబా, ఫ్యాన్లు, వేప చెట్టు" అని. "మైపాడు బీచ్‌లో చెత్త" ఎదురుగా "కవర్లు". కొన్నిటికి ఎదురుగా ఏమీ రాయలేం, ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలు చూస్తే బాధ అనిపిస్తుంది కానీ అవి మీ మోత కాదని కూడా అప్పుడే తెలుస్తుంది.

కుడి వైపు ఉన్నవాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే ఎంచుకోండి, ఒక నెల దాని మీదే ఉండండి. నేను మొదట ఒకేసారి ఐదు మొదలుపెట్టాను, పది రోజుల్లో ఐదూ ఆగిపోయాయి, ముందుకంటే దిగులు ఎక్కువైంది.

ఇంకో మాట, మొదటి నెల ఏమీ కొనొద్దు. వెదురు బ్రష్షులు, గాజు సీసాలు, ఖరీదైన కంపోస్ట్ డబ్బాలు, ఇవన్నీ ఫోన్‌లో చూస్తే ముచ్చటగానే ఉంటాయి కానీ ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బా పారేసి కొత్త గాజు డబ్బా కొనడంలో అర్థం లేదు. ఉన్నది అరిగిపోయేదాకా వాడటమే మొదటి మెట్టు. మా అవ్వ ఇంట్లో పాత చీర బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది, ఆమెకి ఇది ఎవరూ నేర్పలేదు.

రెండో పని: వారం రోజులు చెత్త బుట్టని చూడండి

మార్చొద్దు, చూడండి అంతే. కూరగాయలు తూచే చిన్న కాటా ఉంటే తూచండి. మా నలుగురికి రోజుకి కేజీ దాకా వచ్చేది, అందులో ముక్కాల్ వంతు తడి చెత్తే, తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి. మిగతాది బరువు లేదు కానీ చోటు ఎక్కువ, అవే కవర్లు, ప్యాకెట్లు. లెక్క తెలిశాక మనసు కుదుటపడింది, ఎందుకంటే ముక్కాల్ వంతు సమస్య ఒక బకెట్‌లో పట్టేదే.

మూడో పని: తడి చెత్త. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను

మన పాత ఇళ్లల్లో తడి చెత్త అనే మాటే లేదు. బియ్యం కడుగు, గంజి, తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి, గేదె తాగేది, పేడ దిబ్బలోకి పోయేది, దిబ్బ ఎరువు పొలానికి పోయేది. గేదె పోయింది, దిబ్బ పోయింది, తొక్కలు మాత్రం కవర్లో ముడి పడి డంపింగ్ యార్డుకి పోతున్నాయి. అక్కడ గుట్టల కింద గాలి ఆడక కుళ్లితే మీథేన్ వస్తుంది, 20 ఏళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అవే తొక్కలు గాలి ఆడేట్టు కుళ్లితే ఆ మీథేన్ దాదాపు రాదు. అంతా గాలిలోనే ఉంది.

కావలసింది పాత పెయింట్ బకెట్, 20 లీటర్లది. మేకు కాల్చి చుట్టూ, అడుగున చిల్లులు పెట్టండి, వేలు దూరేంత వద్దు, పెన్సిల్ దూరేంత చాలు. రెండు ఇటుకల మీద పెట్టి కింద పాత ప్లేటు ఉంచండి, నీళ్లు కారితే పట్టడానికి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు, ఎండుటాకులు వేయండి. రోజూ తొక్కలు వేయండి, పెద్దవి తుంచి వేస్తే తొందరగా అవుతుంది, పైన దానికి రెట్టింపు ఎండుటాకులు కప్పండి. ఎండుటాకులు లేకపోతే చింపిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు కూడా పనికొస్తాయి. మొదట్లో ఒక గుప్పెడు పేడ గానీ పులిసిన మజ్జిగ ఒక గ్లాసు గానీ వేస్తే పని అందుకుంటుంది. మూడు రోజులకొకసారి కర్రతో కిందా మీదా కలపండి, మూత మరీ బిగించొద్దు. బకెట్ నిండాక పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టండి. మన ఎండలకి 45 నుంచి 60 రోజుల్లో నల్లగా, పొడిపొడిగా తయారవుతుంది.

తయారైందని ఎట్టా తెలుస్తుందంటే వాసన. తొలకరి వాన పడ్డప్పుడు మట్టి వాసన వస్తుందే, అది రావాలి. గుప్పెట్లో పిండితే ఉండ కట్టాలి, నీళ్లు కారకూడదు.

చెడిపోయే దార్లు కూడా చెప్తాను, నేను అన్నీ చూశాను. పుల్లటి వాసనో మురుగు వాసనో వస్తే తడి ఎక్కువైంది, ఎండుటాకులు బాగా వేసి కలపండి, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. బూడిద రంగు పురుగులు లుకలుకలాడతా కనిపిస్తే భయపడొద్దు, అవి మనల్ని ఏం చేయవు, చెత్తని తినేస్తాయి, అయితే తడి తగ్గించమని మనకి చెప్తున్నట్టే. నెల దాటినా ఏమీ కాకుండా ఎండుగా ఉంటే కాసిని నీళ్లు చిలకరించండి. వర్షాకాలంలో బకెట్ వసారాలోకి జరపండి, నేను ఒక తుఫానులో జరపడం మర్చిపోతే మొత్తం పులుసైపోయింది.

మన నెల్లూరోళ్లకి అసలు ప్రశ్న చేపలు. ఆదివారం పూట పొలుసు, తలకాయలు, రొయ్యల పొట్టు బకెట్‌లో వేస్తే వీధి కుక్కలు, పిల్లులు, ఈగలు, ఇంటావిడకి విరక్తి. అవి బకెట్‌లో వద్దు. ఏదన్నా చెట్టు మొదలుకి రెండడుగుల దూరంలో అడుగున్నర లోతు గుంట తీసి పూడ్చండి, పైన బండ పెట్టండి. మా కొబ్బరి చెట్టు చుట్టూ గడియారంలో అంకెల్లాగా ఒక్కో వారం ఒక్కో చోట పూడుస్తాం, ఒక చుట్టు తిరిగేసరికి మొదటి చోట ఎముక కూడా మిగలదు. స్థలం లేని అపార్ట్‌మెంట్ వాళ్లు చేపల చెత్త చెత్త బండికే ఇవ్వండి, మిగతాది బకెట్‌లో వేయండి, అందులో తప్పేం లేదు.

మొదటిసారి ఆ నల్ల మట్టి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కలిగిన తృప్తి చెప్పలేను. రెండు నెలల మా ఇంటి చెత్త, ఒక చేట నిండా మట్టి. వార్తలు ఎన్ని చదివినా రాని ధైర్యం అది.

నాలుగో పని: కవర్లు

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, ప్లేట్లు లాంటివి దేశమంతా నిషేధం, అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు కూడా. మార్కెట్‌కి పోతే మాత్రం అవే పల్చటి కవర్లు అడక్కుండానే చేతిలో పెడతారు. కాబట్టి మనమే ముందు చెప్పాలి, అదీ వాళ్లు కవర్ లాగకముందే.

గుడ్డ సంచి అందరూ చెప్పేదే, కొనకుండా పాత ప్యాంటు కాళ్లతో కుట్టించుకోండి, బరువు బాగా ఆపుతాయి. సంచి ఉన్నా మర్చిపోతాం, అదే అసలు ఇబ్బంది. అందుకని బండి డిక్కీలో ఒకటి, హ్యాండ్‌బ్యాగులో మడిచి ఒకటి, తలుపు గొళ్లేనికి ఒకటి పెట్టాను. ఇంటికి రాగానే సరుకులు తీసి మళ్లీ గొళ్లేనికే తగిలించాలి, వంటింట్లో పెడితే అక్కడే ఉండిపోతుంది.

చేపలకి స్టీల్ డబ్బా తీసుకెళ్లడం మొదట్లో సిగ్గుగా ఉండేది. చేపలు కోసే ఆమె "ఏంది మ్మా, క్యారేజీ తెచ్చుకున్నావ్, అన్నం పెట్టమంటావా" అని నవ్వింది. నేనూ నవ్వి "కవర్లో అయితే ఇంటికి పోయేసరికి బండంతా నీచు కారతా ఉందక్కా" అన్నాను. నిజం అదే కదా, పర్యావరణం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. మూడో వారం నన్ను చూడగానే ఆమే "డబ్బా ఇటియ్యి" అని చెయ్యి చాపింది. కొన్నాళ్లకి నా వెనక నిలబడ్డ పెద్దాయన అల్యూమినియం గిన్నె పట్టుకోని వచ్చాడు, నేను ఆయనకి ఏమీ చెప్పలేదు.

పాల ప్యాకెట్ గురించి చిన్న విషయం, కానీ ముఖ్యం. మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్క తెగిపోకుండా వేలాడనివ్వండి. ఆ చిన్న ముక్కల్ని ఎవరూ ఏరుకోరు, కాలవలోకే పోతాయి. ప్యాకెట్ కడిగి, తీగ మీద ఆరేసి, నెల రోజులవి కట్ట కట్టి పాత సామాన్ల కొట్లో వేస్తే తీసుకుంటారు. కడగనివైతే వాసనకి ఎవరూ ముట్టరు.

ఐదో పని: నీళ్లు

ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంటే దాని పక్క పైపు ఒక రోజు బకెట్‌లోకి పట్టండి. మామూలు ఇంటి మిషన్లు లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు పారబోస్తాయి. రోజుకి పది లీటర్లు పట్టుకుంటే 20, 30 లీటర్లు కాలవ పాలు. ఆ నీళ్లు బాత్రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి వాడండి, మొక్కలకి మాత్రం వద్దు, మన తీరం వైపు బోర్లల్లో అసలే ఉప్పు, ఆ పారబోసే నీళ్లల్లో ఆ ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది, నా రెండు కరివేపాకు మొక్కలు అట్టానే మాడాయి. మొక్కలకి బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పోయండి.

వాన నీళ్ల లెక్క అందరూ ఒకసారి వేసుకోవాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు, ఒక తుఫానుకి 100 మిల్లీమీటర్లు పడితే 9,300 లీటర్లు, చిందింది, ఆవిరైంది పోగా ఏడు వేలకి తగ్గదు. మనకి వానల్లో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడతాయి, అంటే దసరా లోపల డాబా ఊడ్చి, పైపు నోటికి జాలీ కట్టి సిద్ధంగా ఉండాలి. మొదటి వాన వదిలేయండి, దుమ్మూ పిట్ట రెట్టలూ అందులోనే పోతాయి. తర్వాతది కంకర, బొగ్గు, ఇసుక వేసిన గుంటలోకి మళ్లిస్తే బోరు పక్క భూమిలోకి ఇంకుతుంది. నిల్వ చేసే తొట్టి అయితే దోమ దూరకుండా గుడ్డ కట్టడం మర్చిపోవద్దు.

మా చెల్లెల్ని కనిగిరి వైపు ఇచ్చాం, అక్కడ భూమి నీళ్లల్లో ఫ్లోరైడ్ బాధ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు అని లెక్క. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, ఇది చాలామందికి తెలియదు. వాన నీళ్లల్లో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. వాళ్ల అత్తగారు మూడేళ్లుగా డాబా నీళ్లు మూత ఉన్న సిమెంటు తొట్టిలో పట్టి, వడకట్టి, కాచి వంటకీ తాగడానికీ వాడుతున్నారు, పిల్లల పళ్ల కోసం ఆమె పడే తాపత్రయం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కరెంటు, త్వరగా

పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర. రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీద నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. పాతది కాలిపోయినప్పుడు మార్చండి, బాగా తిరిగేదాన్ని పీకొద్దు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏసీ వద్దని నేను ఎవరికీ చెప్పను, 18 బదులు 25లో పెట్టి ఫ్యాన్ తిప్పుకోండి, ఒక్కో డిగ్రీకి ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుంది. సొంత డాబా ఉంటే దాని మీద సోలార్ పలకలు పెట్టుకోడానికి పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయలు సబ్సిడీ ఉంది, కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తాయి, వివరాలు కనుక్కోని ఆలోచించండి.

పొలం ఉన్నవాళ్లకి

వరి మడిలో నీళ్లు నిలబడి ఉన్నన్నాళ్లు కింద మట్టిలో గాలి లేక మీథేన్ పుడుతుంది, మన చెత్త గుట్ట కథే ఇక్కడ కూడా. దానికి మందు ఆరుతడి. అడుగు పొడుగు పైపు ముక్కకి చుట్టూ చిల్లులు పెట్టి, పైన నాలుగు వేళ్లు మిగిలేట్టు మడిలో దింపి, లోపల మట్టి తీసేయాలి. నాటిన రెండు వారాలు మామూలుగా నీళ్లు ఉంచి, ఆ తర్వాత పైపులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు మళ్లీ తడి పెట్టాలి. పైరు ఈనే టైములో, పూత టైములో మాత్రం మడి ఆరనివ్వకూడదు, అక్కడ తప్పు చేస్తే తాలు గింజలే.

మా మామయ్య మొదట ఒప్పుకోలేదు, "నీళ్లు లేని మడి చూస్తే నాకు అన్నం సయించదమ్మా" అన్నారు. పోయిన ఎడగారు పంటలో గట్టు పక్కన ఒక్క మడిలో మాత్రం పెట్టనిచ్చారు, రోజూ పొద్దున్నే ఆ పైపులో పుల్ల పెట్టి చూసేవాళ్లు. దిగుబడి పక్క మడితో సమానంగానే వచ్చింది, మోటారు తిరిగిన గంటలు తగ్గాయి. ఈసారి మూడు మళ్లు అన్నారు. మీరు కూడా మొత్తం పొలం ఒకేసారి మార్చమని పెద్దవాళ్ల మీద పడొద్దు, ఒక్క మడి అడగండి.

ఇంట్లో వాళ్లతో, సందులో వాళ్లతో

నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఆరు నెలలు అందర్నీ కసిరాను, మా అత్తమ్మ కవర్ తెస్తే ముఖం మాడ్చుకునేదాన్ని. ఒకరోజు ఆవిడ "నువ్వు భూమిని బాగుచేస్తున్నావో ఇంట్లో గొడవ పెడుతున్నావో నాకు తెలీడం లేదే" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది. తర్వాత రూటు మార్చి ఆవిడ్నే అడగడం మొదలుపెట్టాను, మీ ఇంట్లో ఎట్టా చేసేవాళ్లు అత్తమ్మా, గిన్నెలు దేంతో తోమేవాళ్లు, విస్తరాకులు ఎట్టా కుట్టేవాళ్లు అని. బూడిద, కొబ్బరి పీచు, కుంకుడుకాయ, అన్నీ ఆవిడకి తెలుసు, ఇప్పుడు కంపోస్ట్ బకెట్ ఆవిడదే, నన్ను ముట్టనివ్వదు.

సందులో అయితే మాటలకంటే పనే వింటారు. దసరా ముందు ఒక ఆదివారం నేనూ ఎదురింటి అన్న కాలవ బండ లేపి తీయడం మొదలుపెట్టాం. మొదటి ఏడాది ఇద్దరం, రెండో ఏడాది ఆరుగురం. పనయ్యాక మా ఇంట్లో టీ, పునుగులు. చేతికి గ్లవ్స్, కాళ్లకి బూట్లు లేకుండా దిగొద్దు, గాజు పెంకులుంటాయి, లోతు మురుగు కాలవల్లోకి అసలు దిగొద్దు, అవి మిషన్ ఉన్న మున్సిపాలిటీ వాళ్లు చేయాల్సిన పని, మనం అర్జీ పెట్టాలి, వెంట పడాలి. అర్జీ కూడా ఒక అడుగే.

దిగులు మళ్లీ వచ్చిన రోజు

వస్తుంది. నాకూ వస్తూనే ఉంది. అప్పుడు నేను చేసేవి చెప్తాను. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్‌లో వార్తలు చూడను. నోటు పుస్తకం తీసి ఆ నెల ఎన్ని బకెట్లు మట్టి అయింది, ఎన్ని యూనిట్లు తగ్గాయి చూసుకుంటాను. చెడ్డ వార్తలతో పాటు మంచివి కూడా కావాలని వెతుకుతాను, మన దేశంలో కరెంటు తయారుచేసే మొత్తం సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వాటిదే అని 2025 జులైలో కేంద్రం చెప్పింది, వాడే యూనిట్లలో ఇంకా ఎక్కువ బొగ్గువే అయినా పదేళ్ల కింద ఇది ఊహించలేదు కదా.

ఇంకోటి, చలికాలంలో పిల్లల్ని తీసుకోని నేలపట్టు పక్షుల కేంద్రానికి పోతాం. చెరువులో మునిగి ఉన్న కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకోని ఉంటాయి, వందల్లో, ఆ గోల దూరం నుంచే వినపడుతుంది. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకి బలమని అక్కడి ఊరోళ్లు వాటిని ఎన్నో ఏళ్లుగా కాపాడుకుంటూ వస్తున్నారు. మా పాప ఒక పిల్ల పక్షి తల్లి గొంతులో తల పెట్టి తింటుంటే చూసి, దారంతా దాని గురించే మాట్లాడింది.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. రెండు రోజులు ఆగని వాన, రోడ్డు మీద నీళ్లు, కరెంటు పోయింది, నాకు మళ్లీ ఆ పాత వణుకు. రాత్రి పదకొండింటికి గొడుగేసుకోని, టార్చి తీసుకోని బయటికి వచ్చాను, అప్పటికే ఎదురింటి అన్న, చివరింటి కుర్రాడు కాలవ దగ్గర నిలబడి ఉన్నారు. మెయిన్ రోడ్డులో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి, మా సందులో మడమల దాకా. కాలవ బండ సందులోంచి టార్చి వేసి చూస్తే నీళ్లు సుడి తిరుగుతా చప్పుడు చేసుకుంటా పోతున్నాయి. "పోతున్నాయి వదినా, పోతున్నాయి" అన్నాడు అన్న. ముగ్గురం ఆ వానలో అట్టానే నిలబడి కాసేపు ఆ చప్పుడు విన్నాం, తర్వాత నేను ఇంట్లోకొచ్చి పడుకున్నాను, నిద్ర పట్టింది.